దసరాకు సర్దిన పైపులు

స్టోర్స్ ఉద్యోగం గురించి రాయనీకె ఏముంటది? సామాను వచ్చింది, పెట్టినం. అడిగిండ్రు, ఇచ్చినం. ముప్ఫై ఒక్క ఏండ్లు గదే పని చేసి రిటైరైన. ఇప్పుడు ఈ పనిలకు కొత్తగ వచ్చిన పిలగాండ్లు అప్పుడప్పుడు ఫోన్ జేసి, "సార్, మీ అనుభవం జర చెప్పుండ్రి" అంటరు. మంచిగ చేసిన పనులు మస్తుగనే ఉన్నయి, కానీ అవేవీ యాదికి వస్తలేవు. చెడగొట్టిన పని ఒక్కటి మాత్రం నిన్న జరిగినట్టే ఉన్నది. అదే చెప్త, వినుండ్రి.

సత్తుపల్లి దాటి అడివి మొదలయ్యే కాడ ఒక పామాయిల్ మిల్లు. పేరు వద్దు. నేను ఆడ స్టోర్స్ ఇంచార్జిని. మిల్లు పని తెల్వనోళ్లకు ఒక్క మాట: పామాయిల్ గెలలను ముందు పెద్ద పెద్ద డ్రమ్ములల్ల ఏసి ఆవిరితోని ఉడకబెడ్తరు. ఆ ఆవిరి బాయిలర్ నుంచి పైపులల్ల వస్తది. రెండు వందల డిగ్రీలు దాటిన వేడి, దానికి తగ్గ ఒత్తిడి. ఆ పైపు పగిలితే కింద ఉన్నోళ్ల సంగతి నేను రాయను, మీరే అనుకోండ్రి. మా మిల్లుల ఆ లైను కింద రాలిన కాయలు ఏరే ఆడోళ్లు కూసుంటరు.

ఆ ఏడు పంట తగ్గినంక రెండు పనులు ఒక్కసారే పెట్టుకున్నరు. ఒకటి, కొత్త ఆవిరి లైను. రెండు, గెలలు దించే జాగకు కొత్త షెడ్డు. లైనుకు పైపులు కావాలె, షెడ్డు కప్పుకు కూడ పైపులే కావాలె. రెండూ నాలుగంగుళాలవే, మందం ఒక్కటే, పొడుగు ఒక్కటే. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడ గుర్తుపట్టదు. కానీ రెండూ ఒకటి కావు. ఆవిరి లైనుకు తెచ్చినయి నూట ఆరు నంబరు పైపులు. షెడ్డుకు తెచ్చినయి యాభై మూడు. నంబర్లు జూసి నూట ఆరు అంటే డబుల్ గట్టిది అనుకోకుండ్రి. అవి వాటి నియమాల పుస్తకం నంబర్లు, అంతే.

నూట ఆరు నంబరు పైపును వేడి కోసమే చేస్తరు. నిండు ఉక్కు కడ్డీని కాల్చి, నడుమ పొడిచి, సాగదీస్తరు. ఎక్కడా అతుకు ఉండదు. యాభై మూడు నంబరుల అతుకు లేనివీ ఉంటయి, ఉన్నవీ ఉంటయి. మాకు వచ్చినయి ఉన్నవి. రేకును గుండ్రంగ వంచి, అంచులు కలిపి, నిలువునా అతుకుతరు. చెడ్డ పైపేం కాదది. నీళ్లకు, గాలికి, కప్పులు మోసుటానికి బంగారమసొంటిది. బాయిలర్ ఆవిరికి మాత్రం మేము వాడేది లేదు. యార్డుల పనిచేసే ఆడోళ్లు ఈ నంబర్లన్నీ పక్కకు పెట్టి 'కుట్టు గొట్టం, కుట్టులేని గొట్టం' అని పిలిచేటోళ్లు. ఇన్నేండ్లల నేను విన్న అన్ని ట్రైనింగులల్ల ఇంత ఉపయోగపడ్డ మాట ఇంకోటి లేదు.

పైపు మీద తెల్ల అక్షరాలతోని పొడుగూతా రాసి ఉంటది, ఏ నంబరు, ఏ సైజు, ఏ విడత కరిగిచ్చిన ఉక్కుతోని చేసింది అని. పైపుకు ఆ రాతే ఆధార్ కార్డు. దాన్ని కాపాడుడే స్టోర్స్‌వాని పని. నేను ఏం జేసిన్నంటే, దాని మీద రెండు పూతలు రెడాక్సైడ్ ఎర్ర రంగు కొట్టిపిచ్చిన.

దసరా వచ్చింది మరి. మిల్లు పనిముట్లకు పూజ అంటే మా దగ్గర మజాకు కాదు. లేత్ మిషన్ నుంచి స్పానర్ దాకా అన్నిటినీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాలె. ఆ ఏడు ఓనర్ల ఇంటోళ్లు కూడ పూజకు వస్తున్నరని తెలిసింది. నా యార్డు ముందుకొచ్చి ఫోటో దిగుతరు గదా అని నాకు ఒకటే తహతహ. తుప్పు మరకలు కనబడొద్దని పైపులన్నీ కిందికి దింపిచ్చి, కడిగిచ్చి, రంగు కొట్టిచ్చిన. రంగేసే ఆడోళ్లు అడిగిండ్రు కూడ, "సార్, రాతలు ఇడిసిపెట్టాల్నా?" అని. "కొట్టుండ్రి కొట్టుండ్రి. నా యార్డుల నాకు తెల్వదా ఏంది!" అన్న.

ఆరినంక రెండు ర్యాకులల్ల పేర్చిండ్రు. ఆవిరి పైపులు తక్కువ, షెడ్డు పైపులు ఎక్కువ. ఒక కుప్ప పొట్టిగ, ఒకటి ఎత్తుగ ఉన్నది. నడుమ అమ్మవారి పటం పెడితే ఫోటోల వంకరగ కనబడ్తదని, షెడ్డు పైపులు పది తీసి ఆవిరి ర్యాకుల ఏపిచ్చి రెండూ సమానం చేపిచ్చిన. పొద్దుగూకే దాకా ఆడోళ్లు వాటిని ఎగుడు దిగుడు లేకుంట అటు దొర్లిచ్చి ఇటు దొర్లిచ్చి సరిజేసిండ్రు. ఫోటో మస్తు వచ్చింది. పండుగ తెల్లారి మళ్ల పది పైపులు షెడ్డు ర్యాకుకు మార్పిచ్చిన. లెక్క పెట్టుకున్న, సరిపోయింది. పైపులే సరిపోలే. ఏ పది పోయినయో, ఏ పది వచ్చినయో ఎవ్వరూ సూడలే. కొసలకు చిన్నగ అక్షరాలు గుద్ది ఉంటయి, రంగు గీరి చూస్తే దొరికేటియి. నేను గీరలే. లెక్క సరిపోయినంక గీరుడెందుకు?

ఇగ వెల్డరు ముచ్చట. ములకలపల్లి అవతల అడివి పల్లె ఆయనది. ఇంట్ల వాళ్లు ఇప్పపువ్వు, తునికాకు ఏరుకొని, ఉన్నకాడికి వరి ఏసుకొని బతుకుతరు. ఈయనకు ముప్ఫై దాటలేదు. బాయిలర్ పైపులు అతకాలంటే పరీక్ష రాసి, అతికి చూపిచ్చి, కార్డు తెచ్చుకోవాలె. ఈయన మూడోసారికి పాసైండు. ఆ కార్డును ప్లాస్టిక్ కవర్ల పెట్టి షర్ట్ జేబుల గుండె మీద పెట్టుకుంటుండె. కార్డు ఉంటే బాయిలర్ వెల్డరు, లేకపోతే కిటికీలకు గ్రిల్లులు అతుక్కునేటోడు. ఆ పల్లె నుంచి అంతకుముందు ఎవ్వరికీ అసొంటి కార్డు రాలే.

లైను పని సగం అయినంక ఒకనాడు పొద్దుగాల స్టోర్స్‌కు వచ్చిండు. "సార్, జర చూస్తరా? ఈ పైపు లోపల నిలువుగ గీత లెక్క ఉన్నది. కుట్టు అనిపిస్తంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకో ఇప్పుడు చెప్తే సిగ్గయితది. నా ముంగట నలుగురున్నరు, అందరూ ఇన్నరు. అంతే కారణం.

"కుట్టా? నువ్వు పుట్టకముందు నుంచి స్టోర్స్ చూస్తున్న నేను. ర్యాకు నంబరు సూడు. స్లిప్పు మీద నా సంతకం సూడు. సాగదీసినప్పుడు పడే గీత అది. కార్డు వచ్చినంక అందరూ ఇంజనీర్లే అయితరు. పో, పొయ్యి అతుకు!"

"మీరు చెప్తే అతుకుత సార్" అని ఎళ్లిపోయిండు. అతికిండు. ఆయన అతుకులు సూడబుద్ధయ్యేటియి. లైను మొత్తం పూర్తయింది, నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసిండ్రు, చుక్క కారలే. వేడి బయటికి పోకుంట మీద రాతి దూది కప్పి, రేకు చుట్టిండ్రు. ఇగ బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరే అనుడే మిగిలింది. ఆయన వచ్చేది మూడు రోజులల్ల.

ఆ టైముల షెడ్డు కాడ పనిజేసే ఒక కోయామె నా దగ్గరికి వచ్చింది. కప్పుకెక్కే పైపుల లోపల గుడ్డ దోపి దుమ్ము తీసుడు ఆమె పని. మొఖం నిండ నవ్వు.

"సారూ, మంచి ముచ్చట చెప్త. నాలుగు గొట్టాలకు కుట్టు లేదు. చెయ్యి పెడితే నున్నగ జారిపోతంది. మిగిలినయి అన్నీ గీరుకుంటున్నయి. మనకు మంచియి కలిసినట్టున్నయి గద సారూ!"

షెడ్డు కాడికి ఉరికి, నాలుగు పైపులల్ల మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన. గీత లేదు, గరుకు లేదు. నూట ఆరు నంబరు పైపులు నాలుగు, కప్పు మోయనీకె తయారుగ పడుకొని ఉన్నయి. అంటే కుట్టు గొట్టాలు నాలుగు ఎక్కడ ఉండాలె? ఎవ్వరినీ అడగనవసరం లేదు. ఆమె ఇంకా నవ్వుతనే ఉన్నది. సీజన్ మొదలైతే లైను కింద కాయలేరేది కూడ ఆమెనే. "మంచిగ చెప్పినవమ్మా" అన్న.

మేనేజర్ దగ్గరికి పోయిన. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇటు పొలాలు కొన్నోళ్లు. మనిషి మంచోడే, కానీ కంపెనీకి మాట రావొద్దు అన్నదే ఆయన జపం. పైపులు కలిసిపోయినయి అని మాత్రం చెప్పిన. ఎట్ల కలిసినయో చెప్పలే.

ఆయన ఫోన్ తీసి ఆ రెండు నంబర్ల పైపుల నియమాలు పక్కపక్కన పెట్టి చూసిండు. "ఏవండీ, రెండిటికీ లాగుడు బలం ఒకటే రాసుందండి. ఇక్కడ చూడండి. కార్బన్ కూడా ఇంచుమించు అంతే. నీళ్ల టెస్టుకి కూడా నిలబడింది కదండీ? ఎందుకండీ ఈ కంగారు?"

"ఆ బలం చల్లగున్నప్పటిది సార్. మనం పోసేది మంచినీళ్లు కాదు. పొద్దుగాల కాగాలె, మాపటికి చల్లారాలె, మళ్ల కాగాలె, ఏండ్లకు ఏండ్లు. లెక్కలు కట్టేటప్పుడు కుట్టు పైపు బలాన్ని వందకు ఎనభై అయిదే పట్టుకోమంటరు. మన డిజైన్ నూటికి నూరు పట్టుకొని గీసిండ్రు. ఉక్కుల కూడ తేడా ఉన్నది. నూట ఆరుల సిలికాన్ ఇంత ఉండి తీరాలె అని రాసి ఉంటది, యాభై మూడుల ఆ మాటే ఉండదు. అదీగాక బాయిలర్ కాగితాలల్ల ఒక పైపు రాసి ఇంకో పైపు పెట్టినమంటే ఇన్‌స్పెక్టర్ మిల్లుకు తాళం ఏస్తడు."

ఆఖరు ముక్క మాత్రం ఆయనకు మంచిగ అర్థమైంది.

"మరి వెల్డరు చూసుకోవద్దాండీ? కార్డున్నోడు కదా! పైపు లోపల కనబడదా ఆయనకి?"

ఇగో, ఆడ నేను నోరు తెరవాలె. "కనబడ్డది సార్, నన్ను అడిగిండు, నేనే తిట్టి పంపిన" అనాలె. అనలే. "చూడాలె సార్" అన్న. చూసేదేముంది ఇంక?

సాయంత్రానికి మేనేజర్ ఒక కాగితం తయారుజేసిండు. కాంట్రాక్ట్ వెల్డరు అజాగ్రత్తతోని తప్పు పైపులు అతికిండని, ఆయన కార్డు రద్దు చెయ్యమని మేమే కోరుతున్నమని. కంపెనీ సొంతంగ తప్పు పట్టుకొని సరిజేసుకున్నది అన్నట్టు ఉంటది గదా. కింద స్టోర్స్ ఇంచార్జి సంతకం కాడ ఖాళీ పెట్టి నా దిక్కు జరిపిండు. నేను పెట్టిన. ముప్ఫై ఏండ్ల అలవాటు, కాగితం ముందుకొస్తే చెయ్యి దానంతట అదే పోతది అని అప్పుడు నాకు నేను చెప్పుకున్న. అది అబద్ధం. ఇంకో ఏడు ఎక్స్‌టెన్షన్ కోసం నేను అర్జీ పెట్టుకొని ఉన్న. అందుకే పెట్టిన.

తెల్లారి రేకులు ఊడదీసి, దూది పీకేసి, లైనుల ఉన్న ప్రతి పైపునూ పరీక్ష చేసుడు మొదలైంది. బయట నుంచి కుట్టు కనబడదు. పైపు చుట్టూ వేలెడంత వెడల్పు గ్రైండర్‌తోని మెరిసేటట్టు రుద్ది, మందు కలిపిన పలచటి యాసిడ్ గుడ్డతోని తుడవాలె. జరసేపటికి, కుట్టు ఉంటే నల్లగ గీత తేలుతది. రుద్దేది వెల్డరు, తుడిచేది నేను. పైపు మీద పైపు. నాలుగు దొరికినయి. గీత తేలినప్పుడల్ల ఆయన సుద్దతోని అడ్డం గుర్తు పెట్టుకుంట పోయిండు, ఒక్క మాట అనలే. అంటే బాగుండు. నాలుగు తిట్లు తిడితే నాకు అన్నం దిగేది.

మంచెల మీద నుంచి దిగేటప్పుడు ఒక్కటే అడిగిండు. "సార్, కాగితంల నా కార్డు గురించి రాసిండ్రంట గద?"

"సూద్దాం తమ్మీ" అన్న.

"అవ్ సార్" అని గ్రైండర్ వైరు చుట్టుకున్నడు.

ఇంటికి పోయి మా ఆమెకు చెప్పిన. మొత్తం విన్నది. "గాయన నిన్ను అడిగిండా, లేదా?" అన్నది. అడిగిండు అన్న. "ఇగ నన్నేం అడుగుతున్నవ్?" అని లేసి పోయింది. ఇంట్ల ఎవ్వరూ నన్ను సార్ అనరు.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు. మేనేజర్ గదిల మేము నలుగురం. ఇన్‌స్పెక్టర్ తక్కువ మాట్లాడే మనిషి, కళ్లద్దాల మీద నుంచి చూస్తడు. కాగితం రెండుసార్లు చదివిండు. వెల్డరును కార్డు అడిగిండు. ఆయన కవర్ల నుంచి తీసి టేబుల్ మీద పెట్టిండు. పెట్టినంక కూడ రెండు వేళ్లు దాని మీద జరసేపు ఉంచిండు.

"పైపు అతికే ముందు లోపల చూసినవా?"

"చూసిన సార్."

"గీత కనబడ్డదా?"

"కనబడ్డది సార్."

"కనబడ్డా అతికినవా?"

వెల్డరు నా దిక్కు చూసిండు. కోపంగ చూడలే, బతిమాలినట్టు కూడ చూడలే. తూకం కాడ కాటా ముల్లును చూస్తరు గద, ఆగే దాకా, గట్ల చూసిండు. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీసిండు.

కుర్చీ పట్టుకొని లేసిన. "సార్, ఆయన వచ్చి నన్ను అడిగిండు. నేనే నలుగురి ముంగట తిట్టి, అతుకుమని పంపిన. పైపులు కలిపింది కూడ నేనే. ఆ కాగితం మీద సంతకం తెలిసి పెట్టిన" అన్న. ఇగ ఆగలే. రంగు, ర్యాకులు, అమ్మవారి పటం, ఫోటో, పది పైపులు, అన్నీ చెప్పిన. మేనేజర్ నన్ను ఎట్ల చూసిండో నేను చూడలే.

ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిండు. "అంటే, రెండు కుప్పలు సమానంగ కనబడాలని ఆవిరి పైపులు షెడ్డు పైపులతోని కలిపిండ్రు?"

"అవ్ సార్."

"ఫోటో కోసం?"

"అవ్ సార్."

"ఫోటో ఎట్ల వచ్చింది?"

"మంచిగ వచ్చింది సార్."

పెన్ను మూత పెట్టిండు. కార్డు వెల్డరు దిక్కు జరిపిండు. నాలుగు పైపులు కోసి కొత్తయి ఎయ్యాలె, మొత్తం లైను మళ్ల పరీక్ష చెయ్యాలె, ర్యాకులకు రెండు వేరు వేరు తాళాలు పెట్టాలె, అప్పటి దాకా ఆవిరి వదిలేది లేదు అని రాసిండు. మొదటి కాగితాన్ని నిలువుగ చింపి మేనేజర్ చేతికే ఇచ్చిండు. నా మీద వేరే కాగితం వచ్చింది, నా ఫైలుల పెట్టిండ్రు. ఎక్స్‌టెన్షన్ రాలే. రాకూడదు కూడ. కొత్తగ వచ్చినోళ్లారా, ఇంతకన్న నీతి నా దగ్గర లేదు: రాత మీద రంగు కొట్టకుండ్రి, అడిగినోన్ని కసురుకోకుండ్రి. మొదటిది మర్చిపోయినా మిల్లు ఎట్లనో నడుస్తది.

గదిల నుంచి బయటికొచ్చి క్యాంటీన్ కాడ నిలబడ్డం, నేను, వెల్డరు. నిజం చెప్పాలంటే నా ఛాతి జర పొంగే ఉన్నది. ఉద్యోగం పణంగ పెట్టి ఒకని బతుకు నిలబెట్టిన గదా అని. రెండు చాయ్‌లు చెప్పిన. ఆయన ఏమన్న అంటడేమో అని ఎదురుచూసిన.

"మొత్తానికి నీ కార్డు దక్కింది గద తమ్మీ" అని నేనే అన్న.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, జేబుల నుంచి ఫోన్ తీసిండు. అతుకు పెట్టే ముందు ప్రతి పైపును వీడియో తీసి పెట్టుకొమ్మని వాళ్ల కాంట్రాక్టర్ చెప్పిండంట. ఒక వీడియో పెట్టి నాకు చూపిచ్చిండు. పైపు లోపల టార్చ్ వెలుగు, నిలువుగ గీత. తర్వాత మొత్తం నలుపు, నడిచే చప్పుడు. ఆ నలుపుల నుంచి నా గొంతు. కుట్టా? నువ్వు పుట్టకముందు నుంచి... ఇంజనీర్ల దాకా, పో అతుకు దాకా, ఒక్క అక్షరం పోలే.

"జేబుల పెట్టుకొని మీ దగ్గరికి వచ్చిన సార్. బంద్ చేసుడు మర్చిపోయిన."

"మర్చిపోయినవా?"

"అవ్ సార్" అన్నడు. నవ్వలే.

"మరి లోపల ఎందుకు చూపియ్యలే? నిన్న రుద్దేటప్పుడన్న ఎందుకు చెప్పలే?"

"ఇన్‌స్పెక్టర్ సార్ రాసుడు మొదలుపెడితే చూపిద్దామనుకున్న. పెన్ను తీసిండు గద, ఫోన్ మీద చెయ్యి పెట్టిన. గంతల మీరే లేసిండ్రు." చాయ్ ఒక గుటక తాగిండు. "మా అమ్మ చెప్పింది సార్. పెద్ద మనిషి, ఒక్కపాలి ఆగి చూడు అని. నా కార్డు సంగతి నాకు భయం లేకుండె. మీ సంగతే ఎట్లనో అని చూసిన."

అడగలేక అడిగిన.

"ఇప్పుడు అయిపాయె గద. ఇగ దాన్ని డిలీట్ చేస్తవా తమ్మీ?"

ఆయన ఫోన్ తుడిచి, కార్డు ఉన్న జేబులనే పెట్టుకున్నడు.

"ఉండనీ సార్. ఫోన్ల జాగ మస్తుగ ఉన్నది."